పోర్టబుల్ పవర్ స్టేషన్: ‘2,000 వాట్లు’ అని రాసి ఉంటే ఇల్లంతా నడుస్తుందా? కొనేముందు వేసుకోవాల్సిన లెక్కలివి

2025 ఆగస్టు చివరి వారంలో కురిసిన కుండపోత వర్షం కామారెడ్డి జిల్లాను అతలాకుతలం చేసింది. రోడ్లు తెగిపోయాయి. రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయింది. చాలా చోట్ల కరెంటు స్తంభాలు కూలిపోయాయి. అంతటి వాన ఏటా రాదు. కానీ ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలులకు చెట్ల కొమ్మలు తీగల మీద పడటం, మరమ్మతుల కోసం పొద్దున పోయిన కరెంటు మధ్యాహ్నానికి గానీ రాకపోవడం బాన్సువాడ, చుట్టుపక్కల మండలాల వాళ్లకు కొత్తేమీ కాదు.

అలాంటి రోజుల్లో ఫోన్ తెరిస్తే ఒక ప్రకటన కనిపిస్తూ ఉంటుంది. చేతితో పట్టుకుపోయే పెట్టె. దానికి ఫ్రిజ్, టీవీ, మిక్సీ అన్నీ తగిలించి ఉంటాయి. ‘2,000 వాట్ల పవర్, ఇల్లంతా నడుస్తుంది’ అని పెద్ద అక్షరాల్లో రాసి ఉంటుంది. ధర మాత్రం వేలల్లో మొదలై లక్ష దాటుతుంది.

ఇంత పెట్టి కొన్నాక ఫ్యాను మూడు గంటలకే ఆగిపోతే? బోరు మోటారు స్విచ్ వేయగానే పెట్టె కీచుమని ఆగిపోతే? పెద్దాయన ఆక్సిజన్ మిషన్ అర్ధరాత్రి ఆగిపోతే? పెట్టె మీద పెద్దగా రాసిన అంకెను చూసి కాకుండా, ఇంట్లో ఏది ఎన్ని గంటలు నడవాలో ముందు కాగితం మీద రాసుకుని కొంటే ఈ తిప్పలు చాలావరకు తప్పుతాయి. ఆ లెక్క ఎలా వేయాలో చూద్దాం.

అసలు ఏమిటీ పెట్టె?

పవర్ స్టేషన్ అనగానే మనకు రామగుండం గుర్తొస్తుంది. ఇది అది కాదు. ఒకే పెట్టెలో లిథియం బ్యాటరీ, ఆ బ్యాటరీలోని డీసీ కరెంటును ఇంట్లో వాడే 230 వోల్టుల ఏసీగా మార్చే ఇన్వర్టర్, ఛార్జర్, సోలార్ ప్యానెల్ తగిలించుకునే ఏర్పాటు, వీటన్నిటినీ కాపలా కాసే చిన్న కంప్యూటర్ ఉంటాయి. బయట ప్లగ్ సాకెట్లు, యూఎస్‌బీ పోర్టులు ఉంటాయి.

మన ఇళ్లలో మామూలుగా ఉండే ఇన్వర్టర్‌కు, దీనికి ప్రధానమైన తేడా వైరింగ్. ఇన్వర్టర్‌ను ఎలక్ట్రీషియన్ వచ్చి ఇంటి వైరింగ్‌కు కలుపుతాడు. పవర్ స్టేషన్‌కు ఆ పని లేదు. కావాల్సిన వస్తువు ప్లగ్‌ను నేరుగా పెట్టెలో పెడితే చాలు. అద్దె ఇంట్లో ఉండేవాళ్లకు, వైరింగ్ కదపడానికి వీల్లేని వాళ్లకు, పొలం దగ్గరి షెడ్డుకు తీసుకెళ్లాలనుకునే వాళ్లకు ఇది సౌకర్యం. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోసే పని కూడా ఉండదు.

అయితే కరెంటు పోయినప్పుడు రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు నడిస్తే చాలనుకునే సొంతింటివాళ్లకు మామూలు ఇన్వర్టరే చవక. 12 వోల్టులు, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్ అవర్లు ఉంటాయి. వాడకంలో అంత రాదు కానీ, అదే పని చేసే పవర్ స్టేషన్‌తో పోలిస్తే ఖర్చు బాగా తక్కువ. కాబట్టి మొదటి ప్రశ్న ‘ఏ పవర్ స్టేషన్ కొనాలి’ కాదు, ‘మనకు పవర్ స్టేషనే కావాలా’ అన్నది.

పెట్టె మీది మూడు అంకెలకు అర్థమేంటి?

నిజాంసాగర్ కింద పంట పండించేవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ప్రాజెక్టులో ఎంత నీరుందో ఒక లెక్క. తూము నుంచి ఒక్కసారిగా ఎంత నీరు వదలగలమో ఇంకో లెక్క. తూము పెద్దది చేసినంత మాత్రాన ప్రాజెక్టులో నీరు పెరగదు. త్వరగా ఖాళీ అవుతుంది, అంతే.

వాట్లు: ఇది తూము. పెట్టె ఒకే సమయంలో ఎంత లోడు మోయగలదో చెబుతుంది. ప్రకటనల్లో పెద్దగా కనిపించేది సాధారణంగా ఇదే.

వాట్ అవర్లు: ఇది ప్రాజెక్టులో ఉన్న నీరు. ఎంతసేపు నడుస్తుందో తేల్చేది ఇదే. 1,000 వాట్ అవర్లు అంటే మన కరెంటు బిల్లులో ఒక యూనిట్. ఇందులోనూ మొత్తం మనకు అందదు. డీసీని ఏసీగా మార్చడంలో కొంత పోతుంది. 85 శాతం చేతికి వస్తుందనుకుని లెక్క వేసుకుంటే మోసపోము. అంటే 1,000 వాట్ అవర్ల పెట్టె నుంచి వచ్చేది దాదాపు 850.

సర్జ్ లేదా పీక్ వాట్లు: ఫ్రిజ్, మోటారు లాంటివి ఆన్ అయిన క్షణంలో మామూలుగా తీసుకునే దానికన్నా కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగుతాయి. ఆ ఒకటి రెండు క్షణాలు పెట్టె తట్టుకోగలదా అన్నది ఈ అంకె చెబుతుంది.

కొన్ని కంపెనీలు ‘బూస్ట్’ లాంటి పేర్లతో 1,800 వాట్ల పెట్టె మీద 2,400 వాట్ల వస్తువు నడుస్తుందని చెబుతుంటాయి. అక్కడ జరిగేది వోల్టేజీ తగ్గించడం. హీటర్ లాంటి వాటికి ఇది పనికొస్తుంది, కాస్త నెమ్మదిగా వేడెక్కుతాయి. మోటారు ఉన్న వస్తువులకు వోల్టేజీ తగ్గడం మంచిది కాదు. అందుకే కొనేటప్పుడు బూస్ట్ అంకెను కాకుండా, ‘నిరంతరం ఇచ్చే వాట్లు’ ఎంతో అడగండి.

ఇంట్లో ఏది ఎంత తీసుకుంటుంది?

కచ్చితమైన అంకె వస్తువు వెనకాల స్టిక్కర్ మీద ఉంటుంది. సుమారు లెక్క ఇది:

- మామూలు సీలింగ్ ఫ్యాను: 70 నుంచి 75 వాట్లు
- బీఎల్‌డీసీ ఫ్యాను: 28 నుంచి 35 వాట్లు
- ఎల్ఈడీ బల్బు: 9 వాట్లు
- వైఫై రూటర్: 10 వాట్లు
- 43 అంగుళాల టీవీ: 60 నుంచి 100 వాట్లు
- ఎయిర్ కూలర్: 150 నుంచి 200 వాట్లు
- 250 లీటర్ల ఫ్రిజ్: కంప్రెసర్ నడుస్తున్నప్పుడు 100 నుంచి 150 వాట్లు
- 5 లీటర్ల ఆక్సిజన్ కాన్సంట్రేటర్: 300 నుంచి 350 వాట్లు
- మిక్సీ: 500 నుంచి 750 వాట్లు
- రైస్ కుక్కర్: 700 వాట్లు
- ఇస్త్రీ పెట్టె: 750 నుంచి 1,000 వాట్లు
- ఇండక్షన్ స్టవ్, గీజర్: 2,000 వాట్లు

లెక్క సులువు. పెట్టె వాట్ అవర్లను 0.85తో గుణించి, మీరు నడపాలనుకున్న వస్తువుల మొత్తం వాట్లతో భాగిస్తే గంటలు వస్తాయి.

ఫ్యాన్లు, లైట్లు మాత్రమే కావాలంటే?

రెండు మామూలు ఫ్యాన్లు, మూడు బల్బులు, రూటర్ కలిపి దాదాపు 187 వాట్లు. 1,000 వాట్ అవర్ల పెట్టె మీద నాలుగున్నర గంటలు నడుస్తాయి.

ఆ రెండు ఫ్యాన్లనూ బీఎల్‌డీసీ ఫ్యాన్లుగా మారిస్తే లోడు 97 వాట్లకు తగ్గుతుంది. అదే పెట్టె ఎనిమిదిన్నర గంటలకు పైగా వస్తుంది. అంటే రెట్టింపు పెట్టె కొనే బదులు రెండు ఫ్యాన్లు మార్చినా ఇంచుమించు అదే ఫలితం. పైగా కరెంటు ఉన్న రోజుల్లోనూ బిల్లు తగ్గుతుంది. మామూలు ఇన్వర్టర్ ఉన్నవాళ్లకు కూడా ఈ మాట వర్తిస్తుంది.

ఫ్రిజ్ సంగతేంటి?

ఫ్రిజ్ మీది స్టార్ లేబుల్‌లో ఏడాదికి ఎన్ని యూనిట్లు తీసుకుంటుందో రాసి ఉంటుంది. 220 యూనిట్లు అని ఉంటే రోజుకు 0.6 యూనిట్. గంటకు సగటున 25 వాట్ అవర్లు. మన ఎండాకాలంలో ఇంతకంటే ఎక్కువే అవుతుంది.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. పెట్టెలోని ఇన్వర్టర్ ఆన్‌లో ఉంటే చాలు, ఏమీ నడపకపోయినా తనకోసం కొంత కరెంటు తింటుంది. మోడల్‌ను బట్టి ఇది 10 నుంచి 30 వాట్ల దాకా ఉండొచ్చు. 20 వాట్లు అనుకున్నా 24 గంటల్లో 480 వాట్ అవర్లు అవుతుంది. అంటే 1,000 వాట్ అవర్ల పెట్టెలో సగం దాకా అదే తినేస్తుంది! ‘ఫ్రిజ్ ఒకటిన్నర రోజు నడుస్తుంది’ అని లెక్కేసుకున్నది ఒక రోజు కూడా రాకపోవడానికి కారణం ఇదే. కొనేముందు ‘ఖాళీగా ఆన్‌లో ఉంటే ఎన్ని వాట్లు తీసుకుంటుంది’ అని తప్పకుండా అడగండి.

ఇంకో మాట. తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్‌లో చల్లదనం దాదాపు నాలుగు గంటలు నిలుస్తుంది. రెండు మూడు గంటల కోతకు ఫ్రిజ్‌ను పెట్టె మీద నడపాల్సిన పనే లేదు. రోజంతా కరెంటు రాదని తెలిసినప్పుడు కూడా ఆపి ఆపి నడిపితే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. ఇన్సులిన్ లాంటి మందులు ఫ్రిజ్‌లో ఉన్న ఇళ్లు మాత్రం ఈ లెక్కను ముందే వేసి పెట్టుకోవాలి. కరెంటు ఎక్కువసేపు లేకపోతే ఆ మందును ఎలా దాచాలో, ఏ పరిస్థితుల్లో వాడకూడదో డాక్టర్‌నో, మందుల షాపులో ఫార్మసిస్టునో అడిగి తెలుసుకోవాలి.

ఇంట్లో ఆక్సిజన్ మిషన్ ఉంటే?

ఇక్కడ లెక్క తప్పితే ప్రాణం మీదకు వస్తుంది. 5 లీటర్ల కాన్సంట్రేటర్ 350 వాట్లు తీసుకుంటుందనుకుందాం. 1,000 వాట్ అవర్ల పెట్టె మీద అది రెండున్నర గంటలు కూడా నడవదు. రాత్రి ఎనిమిది గంటలు నడవాలంటే 2,800 వాట్ అవర్లు మిషన్‌కు అందాలి. అందుకు కనీసం 3,300 వాట్ అవర్ల పెట్టె కావాలి. బ్యాటరీ కాలంతో పాటు తగ్గుతుంది కాబట్టి ఇంకాస్త పెద్దదే మేలు.

పెట్టె ఎంత పెద్దదైనా దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. నిండుగా ఉన్న ఆక్సిజన్ సిలిండర్, రెగ్యులేటర్ ఇంట్లో సిద్ధంగా ఉండాలి. సిలిండర్ ఎలా తెరవాలో ఇంట్లో కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి. పెట్టె కొన్న రోజే ఒక పగటిపూట, కరెంటు ఉండగానే, మిషన్‌ను పెట్టె మీద నడిపి ఎన్ని గంటలు వస్తుందో చూసుకోండి. అవసరమైతే 108కి ఫోన్ చేయడానికి ఒక ఫోన్‌లో ఎప్పుడూ ఛార్జింగ్ ఉంచండి.

నిద్రలో వాడే సీప్యాప్ మిషన్‌కు ఇంత అక్కర్లేదు. హ్యూమిడిఫయర్ ఆపేస్తే 30 నుంచి 60 వాట్లే తీసుకుంటుంది. 500 నుంచి 600 వాట్ అవర్ల పెట్టె చాలామందికి ఒక రాత్రికి సరిపోతుంది.

వైద్య పరికరాలకు ‘ప్యూర్ సైన్ వేవ్’ ఇచ్చే పెట్టెనే తీసుకోవాలి. ఈ మాట బాక్సు మీద రాసి ఉంటుంది.

మిక్సీ, గీజర్, ఇండక్షన్, ఏసీ?

మిక్సీ 750 వాట్లు తీసుకున్నా ఐదు నిమిషాలే నడుస్తుంది. ఖర్చయ్యేది 60 వాట్ అవర్లు. 1,500 వాట్లు ఇవ్వగల పెట్టెకు ఇది పెద్ద పని కాదు.

వేడి చేసేవాటి సంగతి వేరు. 15 లీటర్ల బకెట్ నీటిని 25 డిగ్రీలు వేడెక్కించడానికే 440 వాట్ అవర్లు కావాలి. 1,000 వాట్ అవర్ల పెట్టెలో సగం ఒక్కరి స్నానానికే అయిపోతుంది. 2,000 వాట్ల ఇండక్షన్ స్టవ్‌ను పూర్తి మంట మీద పెడితే అదే పెట్టె 25 నిమిషాల్లో ఖాళీ. ఇంట్లో గ్యాస్ స్టవ్ ఉన్నప్పుడు ఈ పనికి బ్యాటరీ వాడటం దండగ.

ఏసీ కూడా అంతే. గంటకు సగటున 900 వాట్ అవర్లు తీసుకునే ఒకటిన్నర టన్నుల ఏసీ, 2,000 వాట్ అవర్ల పెట్టె మీద రెండు గంటల లోపే నడుస్తుంది. అదే పెట్టె మీద 180 వాట్ల కూలర్ తొమ్మిది గంటలు నడుస్తుంది. మే నెల రాత్రి గడవడానికి కూలరే దిక్కు.

బోరు మోటారు నడుస్తుందా?

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. 1 హెచ్‌పీ అంటే 746 వాట్లు కదా, 2,000 వాట్ల పెట్టెకు లెక్కేముంది అనుకుంటారు. 746 అనేది మోటారు చేసే పని. అది కరెంటు నుంచి లాగేది 1,000 నుంచి 1,100 వాట్లు. స్విచ్ వేసిన క్షణంలో దానికి ఐదారు రెట్ల దాకా లాగవచ్చు. 2,000 వాట్ల పెట్టె ఆ దెబ్బకు ట్రిప్ అయ్యే అవకాశమే ఎక్కువ.

పొలం దగ్గరి త్రీ ఫేజ్ మోటార్లను ఈ సింగిల్ ఫేజ్ పెట్టెలతో నడపడం కుదరదు. ‘కన్వర్టర్ పెడితే నడుస్తుంది’ అనే మాటలు విని డబ్బు పెట్టొద్దు.

ఇంటి అవసరానికైతే దారి సులువు. కరెంటు ఉన్నప్పుడే డాబా మీది ట్యాంకు నింపి ఉంచుకోవడం. బోరు మోటారుకు ఆ ట్యాంకే బ్యాటరీ. కోతలు ఎక్కువగా ఉంటే పెట్టె సైజు పెంచే బదులు ఇంకో ట్యాంకు పెట్టుకోవడం చాలా చవక.

ఏ బ్యాటరీ మంచిది?

పెట్టెల్లో ప్రధానంగా రెండు రకాల లిథియం బ్యాటరీలు ఉంటాయి. ఎల్ఎఫ్‌పీ, ఎన్ఎంసీ. ఎల్ఎఫ్‌పీ బరువు ఎక్కువ. కానీ వేడిని బాగా తట్టుకుంటుంది, ఎక్కువ కాలం వస్తుంది. కంపెనీలు వీటికి సాధారణంగా 3,000 సైకిళ్లు, ఆపైన చెబుతుంటాయి. ఎన్ఎంసీకి 500 నుంచి 1,000 దాకా చెబుతారు. ఒక సైకిల్ అంటే ఒకసారి నిండుగా ఛార్జ్ చేసి ఖాళీ చేయడం. ఇంట్లో పెట్టుకునే పెట్టెకు ఎల్ఎఫ్‌పీనే మేలు.

అయితే సైకిళ్ల అంకెను చూసి మురిసిపోనక్కర్లేదు. నెలకు నాలుగుసార్లు వాడితే ఏడాదికి 48 సైకిళ్లే. 3,000 సైకిళ్లు పూర్తవ్వాలంటే 60 ఏళ్లకు పైగా పడుతుంది. అంతకుముందే వయసు వల్లో, ఎండ వేడి వల్లో బ్యాటరీ పోతుంది. కాబట్టి అప్పుడప్పుడూ వాడేవాళ్లు సైకిళ్లకన్నా వారంటీ ఎన్నేళ్లో చూడాలి.

చాలా పెట్టెలు 40 డిగ్రీల దాకా మాత్రమే పని చేస్తాయని, ఛార్జ్ అవుతాయని మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. మన దగ్గర వేసవి మధ్యాహ్నాలు 40 దాటుతాయి. రేకుల షెడ్డులో, ఎండ పడే కిటికీ పక్కన, మూసిన అల్మారాలో పెట్టొద్దు. నేల మీద, నీడన, గాలి తగిలే చోట ఉంచాలి. వానాకాలంలో నీళ్లు వచ్చే ఇల్లయితే నేల మీద కాకుండా ఎత్తులో పెట్టాలి. ఒకసారి నీట మునిగిన పెట్టెను ఆరబెట్టి ఆన్ చేయొద్దు. సర్వీస్ సెంటర్‌కే ఇవ్వాలి.

ఛార్జింగ్, కరెంటు బిల్లు, గృహజ్యోతి

పెద్ద పెట్టెలు త్వరగా ఛార్జ్ కావడానికి 1,200 నుంచి 1,800 వాట్ల దాకా లాగుతాయి. మామూలు 6 ఆంపియర్ల సాకెట్ 230 వోల్టుల దగ్గర 1,380 వాట్లకు మించి మోయదు. కాబట్టి గీజర్‌కు, ఏసీకి వాడే 16 ఆంపియర్ల సాకెట్‌లోనే పెట్టాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడొద్దు. ఛార్జింగ్ వేగం తగ్గించే వీలున్న మోడల్ అయితే తగ్గించి పెట్టుకోవడం వైరింగ్‌కూ, బ్యాటరీకీ మంచిది.

తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తోంది. ఆ గీత దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాలి. 1,000 వాట్ అవర్ల పెట్టెను ఒకసారి నింపడానికి దాదాపు 1.2 యూనిట్లు అవుతుంది. నెలకు పది సార్లు నింపితే 12 యూనిట్లు. ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉంచి 20 వాట్లు తింటూ ఉంటే ఇంకో 14 యూనిట్లు. నెలకు 180, 190 యూనిట్ల దగ్గర ఉండే ఇల్లు ఈ 26 యూనిట్లతో గీత దాటిపోతుంది. కోతలు లేని నెలల్లో పెట్టెను సగానికి పైగా ఛార్జ్ చేసి, ఆఫ్ చేసి, ప్లగ్ తీసి పెట్టుకుంటే ఆ ఖర్చు ఉండదు. రెండు మూడు నెలలకోసారి తీసి చూసుకుంటే చాలు.

ఈ పెట్టెతో కరెంటు ఖర్చు ఆదా అవుతుందనే మాటను కూడా లెక్కతోనే చూడాలి. 1,000 వాట్ అవర్ల పెట్టె రూ.80 వేలు అనుకుందాం. 3,000 సైకిళ్లూ పూర్తిగా వాడుకోగలిగినా దాన్నుంచి వచ్చేది 2,550 యూనిట్లు. ఒక్కో యూనిట్‌కు రూ.31 పైన పడుతుంది. ఇది పొదుపు కాదు, కరెంటు లేని గంటల కోసం కట్టే బీమా లాంటిది.

ఇంటి మీద సోలార్ ఉంది కదా, మళ్లీ ఇదెందుకు?

పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లు, ఆపై సోలార్‌కు రూ.78 వేల దాకా సబ్సిడీ వస్తుంది. కానీ గ్రిడ్‌కు కలిపిన ఈ మామూలు సోలార్, లైన్‌లో కరెంటు పోతే తానూ ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసే సిబ్బందికి షాక్ కొట్టకుండా అలా తయారుచేస్తారు. ఎండ మండిపోతున్నా ఇంట్లో ఫ్యాను తిరగదు. బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ సిస్టమ్ అయితేనే నడుస్తుంది.

పవర్ స్టేషన్‌కు విడిగా ఒక ప్యానెల్ తగిలించుకోవచ్చు. మంచి ఎండలో 400 వాట్ల ప్యానెల్ రోజుకు ఒకటి నుంచి ఒకటిన్నర యూనిట్ దాకా ఇస్తుంది. అయితే ప్యానెల్ వోల్టేజీ పెట్టె తీసుకోగల పరిమితి లోపలే ఉండాలి. చిన్న పెట్టెల్లో ఈ పరిమితి చాలా తక్కువగా ఉంటుంది. డాబా మీది పెద్ద ప్యానెళ్లు రెంటిని వరుసగా కలిపితే పెట్టె కాలిపోవచ్చు.

గల్ఫ్ నుంచి, అమెరికా నుంచి తెప్పించుకోవచ్చా?

కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాల్లో గల్ఫ్‌లో పనిచేసేవాళ్లు లేని ఊరు అరుదు. ‘వచ్చేటప్పుడు ఒకటి పట్టుకురా’ అనడం మామూలే. కానీ ప్రయాణికుల సామానులో 160 వాట్ అవర్లకు మించిన లిథియం బ్యాటరీని విమానంలోకి అనుమతించరు. 100 నుంచి 160 మధ్య ఉంటే ఎయిర్‌లైన్స్ అనుమతి కావాలి. ఇంట్లో ఫ్యాన్లు నడిపే పెట్టె ఏదీ ఈ పరిమితిలోకి రాదు. ఎయిర్‌పోర్టులోనే వదిలేసి రావాల్సి వస్తుంది.

అమెరికా మోడళ్లు 120 వోల్టులు, 60 హెర్ట్జ్ ఇస్తాయి. మన ఫ్యాను, ఫ్రిజ్ వాటి మీద నడవవు. మనకు కావాల్సింది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు కూడా ఈ రెండు అంకెలు చూడాలి. విదేశీ వారంటీ ఇక్కడ చెల్లకపోవచ్చు కాబట్టి బిల్లు, వారంటీ కార్డు ఇక్కడివే ఉండాలి.

మన దేశంలో 5 కేవీఏ లోపు ఇన్వర్టర్లు, యూపీఎస్‌లకు, ఎలక్ట్రానిక్ వస్తువుల్లో వాడే లిథియం బ్యాటరీలకు బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వస్తువు మీద బీఐఎస్ గుర్తుతో పాటు ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నంబర్ ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబర్ కొడితే అసలుదో కాదో తెలుస్తుంది. సర్వీస్ సెంటర్ హైదరాబాద్‌లో ఉందా, నిజామాబాద్‌లో ఉందా, పాడైతే ఎవరు తీసుకెళ్తారు అన్నది కొనకముందే అడగండి. చెప్పిన సామర్థ్యం రాకపోయినా, వారంటీ ఇవ్వకపోయినా 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు.

ఈ ఒక్క పని మాత్రం ఎప్పుడూ చేయొద్దు

రెండు వైపులా ప్లగ్ పిన్నులు ఉన్న వైరుతో పెట్టెను గోడ సాకెట్‌కు కలిపి ‘ఇల్లంతా’ కరెంటు ఇచ్చే వీడియోలు కనిపిస్తుంటాయి. ఆ పని మనిషిని చంపగలదు.

అలా చేస్తే మీ పెట్టె కరెంటు ఇంటి వైరింగ్ నుంచి మీటరు దాటి బయటి లైన్‌లోకి వెళ్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ వెనక నుంచి కూడా పనిచేస్తుంది. ఇటు నుంచి 230 వోల్టులు ఇస్తే అటు 11 కేవీ లైన్‌లో వేల వోల్టులు పుడతాయి. లైన్‌మన్ సబ్‌స్టేషన్‌కు చెప్పి ఎల్‌సీ తీసుకుని, కరెంటు లేదన్న నమ్మకంతో స్తంభం ఎక్కుతాడు. లోడు ఎక్కువై మీ పెట్టె ట్రిప్ కావచ్చు. కానీ తెగిన తీగకు ఇవతల మీ ఇల్లొక్కటే మిగిలి ఉంటే ట్రిప్ కాకపోనూ వచ్చు. కరెంటు తిరిగి వచ్చినప్పుడు మీ పెట్టె కాలిపోయి, ఇంట్లో మంటలు లేచే ప్రమాదమూ ఉంది. వైరు లాగినప్పుడు బయటికి వచ్చిన పిన్నుల్లో 230 వోల్టులు ఉంటాయి. పిల్లలున్న ఇంట్లో అదొక్కటి చాలు.

పెట్టె కరెంటును ఇంటి వైరింగ్‌కు ఇవ్వాలనుకుంటే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో ఛేంజ్ ఓవర్ స్విచ్ పెట్టించుకోవాలి. ఫేజు, న్యూట్రల్ రెండూ బయటి లైన్ నుంచి విడిపోయేలా ఉండాలి. లేదంటే వస్తువును నేరుగా పెట్టెకే తగిలించండి.

కరెంటు పోతే డిస్కం బాధ్యత ఏంటి?

పెట్టె ఉంది కదా అని ఫిర్యాదు చేయడం మానొద్దు. కామారెడ్డి జిల్లా ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ, అంటే టీజీఎన్‌పీడీసీఎల్ పరిధిలో ఉంది. 1912కు ఫోన్ చేసి, ఫిర్యాదు నంబర్ రాసి పెట్టుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ పాడైతే పట్టణాల్లో 24 గంటల్లో, గ్రామాల్లో 48 గంటల్లో మార్చాలన్నది సేవా ప్రమాణం. పరిష్కారం కాకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. ఆ నంబర్ లేకపోతే ఎన్ని గంటలు కరెంటు లేదో రుజువు చేయడం కష్టం.

దుకాణానికి వెళ్లేముందు కాగితం మీద రాసుకోండి

1. కరెంటు పోయినప్పుడు తప్పక నడవాల్సిన వస్తువులు, ఒక్కోటి ఎన్ని వాట్లు, ఎన్ని గంటలు.
2. వాట్లను గంటలతో గుణించి కూడితే వచ్చే మొత్తం. దాన్ని 0.85తో భాగిస్తే వచ్చేది మీకు కావాల్సిన వాట్ అవర్లు.
3. ఒకేసారి ఆన్‌లో ఉండే వస్తువుల మొత్తం వాట్లు. పెట్టె నిరంతరం ఇచ్చే వాట్లు దీనికన్నా పావు వంతైనా ఎక్కువ ఉండాలి.
4. మోటారు, కంప్రెసర్ ఉన్న వస్తువు ఏది? దాన్ని దుకాణంలోనే, లేదా వాపసు గడువులోగా ఇంట్లో పెట్టి చూడగలరా?
5. ఎల్ఎఫ్‌పీ బ్యాటరీ, ప్యూర్ సైన్ వేవ్, 230 వోల్టులు, 50 హెర్ట్జ్, బీఐఎస్ నంబర్, వారంటీ ఏళ్లు, ఖాళీగా ఉన్నప్పుడు తినే వాట్లు.

బ్యాటరీ ఆయుష్షు తీరాక చెత్తకుండీలో వేయొద్దు, పాత ఇనుప సామాన్లవాళ్లకూ ఇవ్వొద్దు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను సేకరించి రీసైక్లింగ్‌కు పంపే బాధ్యత తయారీదారులదే.

ఈ కాగితం పూర్తయ్యేసరికి చాలా ఇళ్లకు తేలేది ఒకటే. రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లు, నిండిన వాటర్ ట్యాంకు, మామూలు ఇన్వర్టర్ లేదా 1,000 వాట్ అవర్ల చిన్న పెట్టెతో పని గడిచిపోతుంది. పెద్ద పెట్టె నిజంగా కావాల్సింది మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ ఉన్న ఇంటికి. అలాంటి ఇంటివాళ్లు రెండో వరుసలోని లెక్కను రెండుసార్లు వేసుకోవాలి.